కింది సెల్లార్ నుంచి నాలుగో అంతస్తుకి: రెండు యాంటెనాల ప్రాజెక్టు డైరీ

జూన్ 8, ఆదివారం

నిరుడు వానాకాలంలో ఒక రాత్రి మా కింది సెల్లార్‌లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. వాచ్‌మన్ లేచి చూసేసరికే లిఫ్ట్ గుంత నిండిపోయింది. పన్నెండు రోజులు లిఫ్ట్ లేదు. మూడో అంతస్తులో ఉండే పెద్దమ్మగారు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లాలి. ఆ పన్నెండు రోజులూ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా దించాం. నాచారంలో మా వీధి పల్లంలో ఉంది, వానను ఆపలేం. డ్రైన్ పిట్‌లో నీళ్లు పెరగడం మొదలైన పావుగంటలోపు తెలిస్తే మాత్రం మోటారు వేసి తోడేయొచ్చు. ఈ ప్రాజెక్టు అందుకే.

మే నెలలో పెట్టింది ఇదీ. కింది సెల్లార్‌లో పిట్ మీద నీటి మట్టం కొలిచే ఒక అల్ట్రాసోనిక్ సెన్సార్, దాని పక్కన ఎస్‌ఎక్స్1276 చిప్ ఉన్న లోరా (తక్కువ పవర్‌తో దూరం పోయే రేడియో పద్ధతి) మాడ్యూల్, రెండు 18650 బ్యాటరీ సెల్స్. ఐదు నిమిషాలకో ప్యాకెట్ (మట్టం చెప్పే చిన్న సందేశం), రోజుకి 288. మా ఫ్లాట్ నాలుగో అంతస్తులో ఉంది. బాల్కనీ గ్రిల్‌కి ఒక యాంటెనా కట్టి, లోపల రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కి మరో లోరా మాడ్యూల్ కలిపాను. వాడేది 866 మెగాహెర్ట్జ్. మన దేశంలో 865 నుంచి 868 వరకు లైసెన్స్ అక్కర్లేదు.

పగలు దాదాపు అన్నీ అందుతున్నాయి. తంటా అంతా రాత్రే. తొమ్మిది దాటి కార్లన్నీ వచ్చి ఆగాక, కొన్ని రాత్రులు ప్యాకెట్లన్నీ అందుతాయి. ఇంకొన్ని రాత్రులు పదకొండు నుంచి పొద్దున ఆరింటి దాకా ఒక్కటీ రాదు. పొద్దున మొదటి కారు బయటికి వెళ్లగానే మళ్లీ మొదలు. నీళ్లొచ్చేది కూడా రాత్రిపూటే కాబట్టి దీన్ని ఇలా వదిలేయలేను.

జూన్ 11

తేలిగ్గా అయ్యే పనులు ముందు చేసి చూశాను.

మొదటిది, ప్రతి ప్యాకెట్‌నీ మూడుసార్లు పంపడం. అందే రాత్రి మూడూ అందాయి, పోయే రాత్రి మూడూ పోయాయి. ఆలోచిస్తే అంతే కదా. సెల్లార్‌లో తరంగం స్తంభాలకీ బీములకీ కారు బాడీలకీ తగిలి పదిదారుల్లో బయటికొస్తుంది. ఆ దారులన్నీ నా యాంటెనా దగ్గర కలిసినప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే అక్కడ డెడ్ స్పాట్. కార్లు కదలనంతసేపూ ఆ డెడ్ స్పాట్ కూడా కదలదు. ఒకటే దారిలో ఎన్నిసార్లు పంపినా ఒకటే ఫలితం.

రెండోది, ఛానెల్ మార్చడం. లోరా మీద నడిచే నెట్‌వర్క్ ప్రమాణం లోరావ్యాన్‌లో మన దేశానికిచ్చిన మూడు డిఫాల్ట్ ఛానెళ్లు 865.0625, 865.4025, 865.985. మొదటికీ చివరికీ మధ్య ఒక మెగాహెర్ట్జ్ కూడా లేదు. ఇలాంటి సెల్లార్‌లో ప్రతిధ్వనుల ఆలస్యం 50, 100 నానోసెకన్ల లెక్కలో ఉంటుంది. అంటే రెండు మూడు మెగాహెర్ట్జ్ దూరం జరిగితే గానీ ఫేడింగ్ (దారులు కలిసి సిగ్నల్ తగ్గిపోవడం) వేరుగా ఉండదు. మొత్తం బ్యాండే మూడు మెగాహెర్ట్జ్. మూడు ఛానెళ్లూ కలిసే మునుగుతున్నాయి, కలిసే తేలుతున్నాయి.

మూడోది, స్ప్రెడింగ్ ఫ్యాక్టర్‌ని, అంటే సందేశాన్ని గాల్లో ఎంతసేపు సాగదీయాలో చెప్పే సెట్టింగ్‌ని, 7 నుంచి 10కి పెంచడం. ఇది కొంత పనిచేసింది. 7.5 డీబీ (డెసిబెల్, 10 డీబీ అంటే పదింతల తేడా) ఎక్కువ బలహీనమైన సిగ్నల్‌ని కూడా పట్టుకుంటుంది. కానీ ప్యాకెట్ గాల్లో ఉండే సమయం ఐదున్నర రెట్లు పెరిగింది, బ్యాటరీ ఖర్చూ దాదాపు అంతే. అయినా రెండు రాత్రుల్లో ఒకటి పోయింది. డెడ్ స్పాట్ లోతు 20 డీబీ ఉంటే 7.5 ఏం సరిపోతుంది?

సమయం మార్చినా, ఫ్రీక్వెన్సీ మార్చినా లాభం లేదు. ఇక మార్చగలిగింది చోటు ఒక్కటే.

జూన్ 15, ఆదివారం

ముందు కొలవాలి. నాలుగడుగుల ప్లైవుడ్ చెక్క మీద రెండు సెంటీమీటర్లకో గీత గీసి బాల్కనీలో పెట్టాను. యాంటెనాని గీత గీతకీ జరుపుతూ ఒక్కో చోట ఇరవై ప్యాకెట్ల సిగ్నల్ బలం రాసుకున్నాను. మా అమ్మాయి బీటెక్ రెండో సంవత్సరం ఈసీఈ. కింద సెల్లార్‌లో కూర్చుని ప్యాకెట్లు పంపించింది తనే.

ఇక్కడ ఒక జాగ్రత్త. పోయిన ప్యాకెట్‌కి సిగ్నల్ బలం అంటూ ఏమీ రాదు. వచ్చినవాటితోనే సగటు తీస్తే డెడ్ స్పాట్లన్నీ లెక్కలోంచి మాయమై, అంతా బాగున్నట్టు కనిపిస్తుంది. అందుకే కొలిచేటప్పుడు మాత్రం స్ప్రెడింగ్ 10, పవర్ 20 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చిన డీబీ) పెట్టి ఒక్క ప్యాకెట్ కూడా పోకుండా చూసుకున్నాం. తర్వాత పవర్ తేడాని తీసేశాం. ఇంకొకటి, నాయిస్ (రేడియో రొద) కంటే సిగ్నల్ కిందికి దిగినప్పుడు చిప్ చెప్పే ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (అందిన సిగ్నల్ బలం) నాయిస్ దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు ఎస్‌ఎన్‌ఆర్‌ని (నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ ఎంతో చెప్పే అంకెని) కూడా కలిపితేనే అసలు విలువ. 125 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌కి ఆ నాయిస్ మట్టం సుమారు మైనస్ 117 డీబీఎం.

సగటు మైనస్ 112 దగ్గర తేలింది. అసలు సెట్టింగ్ అయిన స్ప్రెడింగ్ 7 మైనస్ 124 దాకా పట్టుకుంటుంది కాబట్టి మార్జిన్ 12 డీబీ. రేలీ ఫేడింగ్ (నేరు దారి లేకుండా ఎన్నో దారుల్లో వచ్చే సిగ్నల్ హెచ్చుతగ్గుల) లెక్కలో సగటు కంటే 10 డీబీ కిందికి పడే అవకాశం 9.5 శాతం, 12 డీబీ అయితే 6 శాతం. వందలో ఆరు అంటే వినడానికి చిన్నదే. కానీ మా దగ్గర ఆ ఆరు ఒక్కొక్కటిగా చెదిరి రావు. కార్లు కదలకపోతే రాత్రంతా ఆ ఆరులోనే ఇరుక్కుంటాం.

జూన్ 19

అమ్మాయి అడిగింది: "నాన్నా, రెండు యాంటెనాలు పెడితే సిగ్నల్ రెండింతలే కదా? మూడు డీబీ. దానికెందుకింత కష్టం?"

మంచి ప్రశ్న. మూడు డీబీ కోసం కాదమ్మా అన్నాను. ఒక యాంటెనా డెడ్ స్పాట్‌లో ఉండే అవకాశం పదింట ఒకటి అనుకో. రెండోది దాంతో సంబంధం లేకుండా పెరుగుతూ తగ్గుతూ ఉంటే, రెండూ ఒకేసారి పడే అవకాశం వందలో ఒకటి. 20 డీబీ లోతున్న డెడ్ స్పాట్ ఒక యాంటెనాకి వందలో ఒకసారి వస్తే, రెండింటికీ కలిపి పదివేలలో ఒకసారి. డైవర్సిటీ అంటే అదే. అంతా ఆ 'సంబంధం లేకుండా' అన్న మాట మీద నిలబడి ఉంది.

సాయంత్రం కోఠి వెళ్లాను. గుజరాతీ గల్లీలో ఒక ఎస్‌ఎంఏ పిగ్‌టెయిల్ (యాంటెనా కనెక్టర్ ఉన్న పొట్టి వైరు), హీట్ ష్రింక్ గొట్టం, రెండు మీటర్ల కోయాక్స్ కేబుల్ దొరికాయి. రెండో లోరా మాడ్యూల్ నా దగ్గరే ఉంది. రెండు మాడ్యూళ్లూ ఒకే రాస్‌బెర్రీ పైకి ఎస్‌పీఐ (చిప్‌లు మాట్లాడుకునే వైర్లు) మీద, ఏ చిప్‌తో మాట్లాడాలో చెప్పే చిప్ సెలెక్ట్ వైరు మాత్రం వేర్వేరు. ప్రోగ్రామ్ చాలా చిన్నది: రెండూ వింటాయి, ఎవరి దగ్గర సీఆర్‌సీ (ప్యాకెట్ చెడకుండా వచ్చిందో చూసే అంకె) సరిపోతే ఆ ప్యాకెట్ తీసుకోవడం. సెలెక్షన్ డైవర్సిటీలో ఇంతకంటే సులువైన పద్ధతి లేదు.

జూన్ 22, ఆదివారం

లాభం లేదు.

866 దగ్గర తరంగదైర్ఘ్యం 34.6 సెంటీమీటర్లు. సగం అంటే 17. 'సగం తరంగదైర్ఘ్యం ఎడం చాలు' అని ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంటుంది, నేనూ అలాగే 17 సెంటీమీటర్ల దూరంలో పెట్టాను. మూడు రాత్రుల లాగ్ చూస్తే ఒకటి పోయినప్పుడు రెండోదీ పోయింది. అమ్మాయి రెండు కాలమ్‌లకీ కోరిలేషన్ (రెండూ ఎంత కలిసి కదులుతున్నాయో చెప్పే అంకె, 1 అంటే పూర్తిగా) తీసింది: 0.9. నాకు చాలా నిరాశ కలిగింది.

రాత్రి ఇద్దరం కూర్చుని ఆ సగం తరంగదైర్ఘ్యం సూత్రం ఎక్కడినుంచి వచ్చిందో వెతికాం. 1968లో క్లార్క్ ఇచ్చిన మోడల్‌లో తరంగాలు యాంటెనా చుట్టూ అన్ని దిక్కుల నుంచీ సమానంగా వస్తాయి. అప్పుడు దూరంతో కోరిలేషన్ మారే తీరు ఒక బెస్సెల్ ఫంక్షన్, అంటే ఊగుతూ తగ్గే ఒక గీత. అది 0.38 తరంగదైర్ఘ్యం దగ్గర మొదటిసారి సున్నా అవుతుంది. వీధిలో నడిచే మనిషి చేతిలోని ఫోన్‌కి ఇది బాగా కుదురుతుంది. మా బాల్కనీకి అన్ని దిక్కులూ ఎక్కడివి? కింది సెల్లార్ నుంచి బయటికొచ్చేదంతా ర్యాంప్ నోట్లోంచే వస్తోంది. ఆ నోరు ఐదు మీటర్ల వెడల్పు, మా బాల్కనీకి సుమారు పదిహేను మీటర్ల దూరం. అంటే 0.33 రేడియన్లు, 19 డిగ్రీలు. ఇలా సన్నని కోణంలోంచి తరంగాలు వస్తున్నప్పుడు, తరంగదైర్ఘ్యాన్ని ఆ కోణంతో భాగిస్తే కావలసిన ఎడం అంచనాకి వస్తుంది. 34.6ని 0.33తో భాగిస్తే మీటరు పైచిలుకు.

పదిహేడు సెంటీమీటర్లు కాదు, మీటరు! సెల్ టవర్ల మీద యాంటెనాలు అంతంత దూరంగా ఎందుకుంటాయో కాలేజీలో చదివాను, పరీక్షలో రాశాను. అయినా మా ఇంటి బాల్కనీకి ఆ లెక్క వేసుకోవాలని తట్టడానికి రెండు వారాలు పట్టింది.

ర్యాంప్ నోరు అడ్డంగా వెడల్పు, నిలువుగా పొట్టి. కాబట్టి యాంటెనాల ఎడం కూడా అడ్డంగానే, ర్యాంప్‌కి ఎదురుగా గ్రిల్ పొడవునా ఉండాలి. ఒకదాని వెనక ఒకటి పెట్టినా, ఒకదాని పైన ఒకటి పెట్టినా ఇంత ఫలితం రాదు.

జూన్ 29, ఆదివారం

గ్రిల్ ఈ చివర ఒకటి ('ఏ'), 1.3 మీటర్ల దూరంలో ఇంకొకటి ('బీ'). ఇనుప గ్రిల్‌కి ఆనకుండా రెండింటినీ పీవీసీ పైపు ముక్కలతో అరచేయి పొడవున ముందుకి పెట్టాను. కోరిలేషన్ 0.3కి పడింది.

వారం రాత్రుల లాగ్ నా ముందుంది. స్ప్రెడింగ్ మళ్లీ 7కే తెచ్చాను, పవర్ పెంచలేదు. 'ఏ' యాంటెనా రెండు రాత్రులు పూర్తిగా మూగబోయింది. 'బీ' ఒక రాత్రి మూగబోయింది, అది వేరే రాత్రి. రెండూ కలిపి చూస్తే వారం మొత్తంలో పోయినవి పదకొండు ప్యాకెట్లు, వరసగా రెండుకి మించి ఎప్పుడూ పోలేదు. ఐదు నిమిషాలకో ప్యాకెట్ కాబట్టి ఎంత చెడ్డగా ఉన్నా పావుగంటలో కబురు అందుతుంది. ఈ లాగ్ ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించాను.

సెక్రటరీగారికి చూపిస్తే ఒక్కటే అడిగారు: "కార్ల జాగాలు మారితే?" మారనివ్వండి సార్, రెండింటికీ ఒకేసారి అడ్డుపడటం చాలా అరుదు అన్నాను.

జూలై 5

వాన, కరెంటు కోత, ఆఫీసు పని. సీల్ లేని ఎస్‌ఎంఏ కనెక్టర్‌లోకి తడి వెళ్లి 'బీ' 9 డీబీ పడిపోయింది. దానికదే అతుక్కునే సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేప్ చుట్టాను. ముందే చుట్టాల్సింది.

జూలై 13, ఆదివారం

లష్కర్ బోనాలు. ఇంట్లో వాళ్లు సికింద్రాబాద్ వెళ్లారు, అమ్మాయీ నేనూ ఉండిపోయాం. సెలెక్షన్‌లో రెండు యాంటెనాల్లో ఒకదాన్ని పారేస్తున్నాం కదా, రెండింటినీ కలిపితే ఎంత లాభమో కొలవాలని తన పట్టుదల. సగటు లెక్కలో రెండు యాంటెనాలకి సెలెక్షన్ 1.76 డీబీ ఇస్తుంది, మ్యాక్సిమల్ రేషియో కంబైనింగ్ (మంచిదానికి ఎక్కువ బరువిచ్చి రెండింటినీ కలపడం) 3 డీబీ. తేడా 1.2 డీబీ. కానీ రెండూ పట్టుకోగలిగే హద్దుకి ఒక్క డీబీ కింద ఉన్నప్పుడు సెలెక్షన్‌కి ఏదీ దక్కదు, కలిపితే ప్యాకెట్ బతుకుతుంది.

కలపాలంటే తరంగం ఏ దశలో ఉందో చెప్పే ఫేజ్ తెలియాలి, లోరా చిప్ దాన్ని బయటికి ఇవ్వదు. అందుకని రెండు ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్స్ (సిగ్నల్‌ని ముడిగా కంప్యూటర్‌కిచ్చే యూఎస్‌బీ రేడియోలు). రెండూ ఒకే క్లాక్ మీద నడవాలి కాబట్టి రెండోదాని 28.8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ తీసేసి, మొదటిదాని క్లాక్‌ని సన్నని కోయాక్స్‌తో ఇచ్చాను. భూతద్దం కింద సోల్డరింగ్ చేస్తుంటే చెయ్యి వణికింది. యూఎస్‌బీలో రెండూ ఒకే క్షణాన మొదలవ్వవు. ఆ శాంపిల్ తేడాని క్రాస్ కోరిలేషన్‌తో (ఒకదాని మీద ఒకటి జరుపుతూ పోల్చి) పట్టుకున్నాం. ట్యూన్ చేసిన ప్రతిసారీ ఫేజ్ వేరుగా వస్తుంది, అది మాత్రం మాకు అడ్డు కాదు. సిగ్నల్ ఏ దిక్కునుంచి వచ్చిందో కనిపెట్టేవాళ్లకి ఆ ఫేజ్ తేడా సరిచేయడం తప్పదు. మేం ప్రతి ప్యాకెట్ ముందుండే ఎనిమిది చర్ప్‌లతో (ఫ్రీక్వెన్సీ జారే కూతలతో) ఛానెల్‌ని, అంటే దారి సిగ్నల్‌ని ఎలా మార్చిందో దాన్ని, కొత్తగా అంచనా వేస్తాం, ఆ ఫేజ్ కూడా అందులోనే కలిసిపోతుంది.

866 పక్కనే ఇంకో చిక్కు ఉంది. మొబైల్ 850 బ్యాండ్ డౌన్‌లింక్ (టవర్ నుంచి ఫోన్‌కి వచ్చే సిగ్నల్) 869 నుంచి మొదలవుతుంది, ఎదురు బిల్డింగ్ మీదే టవర్. ఫిల్టర్ లేని డాంగిల్‌కి అది చెవి పక్కన మైకు పెట్టినట్టే. ఒక్కోదానికి ఒక సా (SAW) ఫిల్టర్, అంటే కావాల్సిన ఫ్రీక్వెన్సీలనే రానిచ్చేది, ఆన్‌లైన్‌లో తెప్పించాక గానీ పని ముందుకి కదల్లేదు.

ఇంతా చేసి కలిపితే, సెలెక్షన్ కంటే ఘోరంగా వచ్చింది.

జూలై 15

తప్పు దొరికింది. రెండో డాంగిల్‌లో ఏజీసీ (గెయిన్‌ని తనంతట తనే సర్దే ఏర్పాటు) ఆన్‌లో ఉండిపోయింది. దాని సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడల్లా గెయిన్ పెంచేస్తోంది, సిగ్నల్‌తో పాటు నాయిస్ కూడా పెరుగుతోంది. మా ప్రోగ్రామ్ సిగ్నల్ సైజుని మాత్రమే చూసి బరువు ఇస్తోంది. పెద్దగా అరిచేవాడికి ఎక్కువ ఓటు వేసినట్టయింది. బరువు అంటే ఛానెల్ కాంజుగేట్‌ని (ఫేజ్ గుర్తు తిరగేసిన విలువని) ఆ దారిలోని నాయిస్ పవర్‌తో భాగించాలి. భాగించడం మేం మరిచాం. నాయిస్ రెండింట్లో సమానం అనుకుని పుస్తకాలు ఆ భాగాన్ని రాయకుండా వదిలేస్తాయి, నిజం డబ్బాలో అది సమానంగా ఉండదు.

ఏజీసీ ఆపి, ప్యాకెట్‌కి ముందు నిశ్శబ్దంలో నాయిస్ కొలిచి, దాంతో భాగించాక లెక్క సరిపోయింది. కలిపినది ప్రతి ప్యాకెట్‌లోనూ రెండింటిలో మంచిదానికంటే పైనే ఉంది. రెండూ సమానంగా ఉన్నచోట 2.8 డీబీ దాకా లాభం. గ్రాఫ్ చూసి అమ్మాయి కుర్చీలోంచి లేచి గెంతింది.

అయినా బాల్కనీలో మాత్రం సెలెక్షనే ఉంచుతాను. డెడ్ స్పాట్లు తగ్గే వేగం రెండింటిలోనూ ఒకటే, ఆ 1.2 డీబీ కోసం ఏడాది పొడవునా రెండు డాంగిల్స్‌నీ వాటి వేడినీ మోయాల్సిన పనిలేదు.

జూలై 19

ఇంకో దిక్కు మిగిలింది. పైనుంచి కిందికి, మోటారుని నడిపే స్విచ్ రిలేకి 'ఆన్' కబురు. కింద యాంటెనా ఒక్కటే. ఇక్కడ అలమౌటి కోడ్ (రెండు యాంటెనాల నుంచి కలిపి పంపే పద్ధతి) వాడదామా అని ఒక సాయంత్రం స్నేహితుడి ప్లూటో ఎస్‌డీఆర్‌తో (సిగ్నల్ పంపగలిగే రేడియోతో) ప్రయత్నించాం. 1998లో సియావష్ అలమౌటి రాసిన ఆ పేపర్‌లోని ఆలోచన ఎంత అందంగా ఉందో! మొదటి క్షణంలో రెండు యాంటెనాల నుంచీ రెండు వేర్వేరు సింబల్స్ (సందేశపు ముక్కలు) వెళ్తాయి. రెండో క్షణంలో వాటినే తారుమారు చేసి, కాంజుగేట్ తీసి, ఒకదాని గుర్తు మార్చి పంపుతాం. వినేవాడు రెండు క్షణాలనీ కలిపి విడదీస్తే ఒక్కో సింబల్‌కీ రెండు దారుల బలమూ దక్కుతుంది. పంపేవాడికి ఛానెల్ గురించి ఏమీ తెలియనక్కర్లేదు. పవర్ రెండుగా చీలుతుంది కాబట్టి వినేవైపు రెండు యాంటెనాలు పెట్టినదానికంటే 3 డీబీ తక్కువ. గదిలో ప్రయోగం చక్కగా పనిచేసింది.

కానీ మా విషయంలో పంపేవాడికి ఛానెల్ తెలుసు. సెన్సార్ ఇప్పుడే మాట్లాడింది, ఏ యాంటెనాకి బాగా వినపడిందో లాగ్‌లో ఉంది, ఫ్రీక్వెన్సీ రెండువైపులా ఒకటే, కార్లు కదల్లేదు. వచ్చిన దారే పోయే దారి. పూర్తి పవర్‌ని మంచి యాంటెనాకే ఇస్తే ఆ రెండింటిలో పెద్దది మొత్తం దక్కుతుంది. అలమౌటిలో దక్కేది రెండింటి సగటు. పెద్దది సగటు కంటే ఎప్పుడూ తక్కువ కాదు. పైగా నా రెండు మాడ్యూళ్లూ పంపగలవు, స్విచ్ కూడా అక్కర్లేదు. నాలుగు లైన్ల కోడ్‌తో అయిపోయింది.

జూలై 20, ఆదివారం

సెల్లార్ కడిగే రోజు. పైపుతో నేలంతా నీళ్లు పట్టించి, నీళ్లున్నంతసేపూ లాగ్ చూశాను. నాకు ముందునుంచీ భయం ఇదే. కాంక్రీటు కంటే నీళ్లు తరంగాన్ని వేరుగా వెనక్కి కొడతాయి, కాబట్టి నీళ్లొచ్చిన రాత్రి డెడ్ స్పాట్లన్నీ జాగా మారతాయి. ఎండ రోజుల్లో ఎంత బాగా పనిచేసినా ఆ రాత్రికి భరోసా కాదు. అనుకున్నట్టే 'ఏ' మైనస్ 104 నుంచి మైనస్ 119కి జారింది. 'బీ' మాత్రం 3 డీబీ పెరిగింది.

జూలై 23, బుధవారం

రాత్రి 1:40కి ఫోన్ మోగింది. పిట్‌లో 38 సెంటీమీటర్లు, పెరుగుతోంది. బయట కుండపోత. 'ఏ' పన్నెండున్నర నుంచి ఒక్క ప్యాకెట్ కూడా వినలేదు, వచ్చినవన్నీ 'బీ' మీదే. 'బీ' నుంచే ఆన్ కబురు పంపాను, రెండోసారికి జవాబు వచ్చింది. వాచ్‌మన్‌కి ఫోన్ చేస్తే అప్పటికే లేచి ఉన్నాడు: "మోటారు దానంతటదే సురువైంది సార్, నీళ్లు గుంజుతుంది. లిఫ్ట్ గుంత పొడిగనే ఉంది."

3:15కి మట్టం 12కి దిగింది. పొద్దున పెద్దమ్మగారు డయాలసిస్‌కి లిఫ్ట్‌లోనే దిగి వెళ్లారు.

చేయాల్సినవి: సెన్సార్ డబ్బా మూత రబ్బరు మార్చడం, కింద కూడా రెండో యాంటెనా పెట్టడం. అక్కడ తరంగాలు నిజంగా అన్ని దిక్కులా తిరుగుతాయి, పదిహేడు సెంటీమీటర్లు సరిపోవాలి. ఆదివారం కొలుస్తాం.